గడువు తప్పిన క్షణంలో ఏం జరిగింది? రియల్-టైమ్ కెర్నెల్‌లో ఈవెంట్ల నమోదు



ఈ ఉపన్యాసం సర్ ఆర్థర్ కాటన్ స్మృతికి అంకితం. 1803 మే 15న పుట్టి 1899 జులై 24న కన్నుమూసిన ఆ మనిషిని గోదావరి జిల్లాలు ఇప్పటికీ ‘కాటన్ దొర’ అనే పిలుస్తాయి. ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాయి, మే నెలలో దండలు వేస్తాయి. డొక్కల కరువు చూసిన నేల ఇది. ఇక్కడికి రాకముందు ఆయన తంజావూరు ప్రాంతంలో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టారు. ఇసుక మీద పునాది వేసిన కట్టడం నదికి ఎలా తట్టుకుంటుందో కావేరి మీది పాత కల్లణైని చూసి నేర్చుకున్నారు. 1844లో గోదావరి ఆనకట్టకు ప్రతిపాదన రాశారు. 1847లో పని మొదలైంది, 1852కి పూర్తయింది. ఆయన వెంట నిలబడి కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణం వీరన్న పేరు కూడా ఈ సభలో తలచుకోవాలి. విగ్రహాల లెక్కలో మాత్రం వీరన్నగారికి అన్యాయమే జరిగింది.

కాటన్ పేరు పెట్టుకున్న సభలో కంప్యూటర్ కబుర్లేమిటని ముందు వరుసలో ఒకరిద్దరు ఇప్పటికే మొహం చిట్లించారు. న్యాయమే. కాని ఈనాటి విషయం కంప్యూటర్ గొప్పతనం గురించి కాదు. గడువులోపల పని చెయ్యాల్సిన యంత్రం ఒక్కసారి గడువు తప్పితే, ఆ క్షణంలో లోపల ఏం జరిగిందో తర్వాత ఎవరు చెబుతారన్నది ప్రశ్న. దానికి జవాబు యంత్రంలోనే ఉండాలి, యంత్రాన్ని గీసిన రోజునే అందులో చేర్చి ఉండాలి, సరుకు బయటికి వెళ్లాక కూడా పని చేస్తూనే ఉండాలి. ఈ గంటలో చెప్పబోయేది ఇదొక్కటే.

1

ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ లంక గ్రామాల్లో పిల్లలకు కూడా నోటికి వచ్చు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చినప్పుడు ఏ గంటకు మట్టం ఎంత ఉందన్నది గేజీ దగ్గర రాసినవారి వల్లనే తెలిసింది. ఆ రాసే మనిషికి ఒక నియమం ఉంది: తను రాస్తున్నంతసేపూ నది ఆగదు, ఆగకూడదు. రాసుకోవడం కోసం ఒక గేటు కాసేపు దించమంటే ఆ ఉద్యోగం ఆ పూటతో సరి.

గడువులోపల పని చెయ్యాల్సిన యంత్రం లోపల రాసేవాడికీ ఇదే నియమం. అలాంటి యంత్రాల్లో నడిచే రియల్-టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే వేగంగా పనిచేసేది అనుకుంటారు. వేగం రెండో సంగతి. ఫలితం సరైనదై ఉండాలి, సరైన సమయానికి రావాలి. రైలు ఇంజనులో బ్రేకు వెయ్యమన్న ఆదేశం, కారులో ఎయిర్‌బ్యాగ్, ఆసుపత్రిలో వెంటిలేటర్ కవాటం, ఇవన్నీ ఆలస్యమైతే తప్పు చేసినట్టే. ఇలాంటి వాటిలో ఉండేది మన ల్యాప్‌టాప్‌లో ఉండే వ్యవస్థ కాదు. చిన్న ప్రాసెసర్, కొద్దిపాటి జ్ఞాపకం (మెమరీ), దాని మీద వీఎక్స్‌వర్క్స్, క్యూఎన్‌ఎక్స్, ఫ్రీఆర్‌టాస్, జెఫిర్ లాంటి చిన్న కెర్నెల్. లినక్స్‌లో కూడా కఠినమైన గడువులకు తగిన మార్పులు ఏళ్ల తరబడి విడిగా పెరిగి, చివరికి 2024లో 6.12 వెర్షన్‌తో అసలు కెర్నెల్‌లో కలిశాయి.

కెర్నెల్ చేసే పని వినడానికి తేలిక. చాలా టాస్కులు ఉంటాయి, ఒక్కో టాస్కుకు ఒక ప్రయారిటీ ఉంటుంది. ఏ క్షణానికైనా సిద్ధంగా ఉన్నవాటిలో పెద్ద ప్రయారిటీ దానికి ప్రాసెసర్ ఇస్తుంది. బయటి నుంచి ఇంటరప్ట్ వస్తే చేతిలో పని పక్కన పెట్టి దాన్ని చూస్తుంది. ఇద్దరు వాడుకునే వస్తువుకు మ్యూటెక్స్ అనే తాళం వేస్తుంది. టాస్కు మారడం, ఇంటరప్ట్ రావడం, పోవడం, తాళం తీసుకోవడం, తాళం కోసం ఆగడం, వదలడం, సందేశం పంపడం, టైమర్ కొట్టడం, ఇవే కెర్నెల్ ఈవెంట్లు. సెకనులో వేలల్లో జరుగుతాయి. గడువు తప్పిందంటే ఆ కారణం వీటి వరుసలోనే ఎక్కడో ఉంటుంది.

2

మరి ఆ వరుసను ఎలా రాసుకోవాలి? కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి కుర్రాడూ మొదట చేసేది ఒకటే: అనుమానం ఉన్న చోట ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టడం. సీరియల్ తీగ మీద అక్షరాలు బయటికి వస్తాయి, తెర మీద చదువుకుంటాడు.

ఒక్కసారి లెక్క కట్టండి. సీరియల్ వేగం మామూలుగా 1,15,200 బాడ్. ఒక అక్షరానికి పది బిట్లు పోతాయి కనుక సెకనుకు 11,520 అక్షరాలు. 80 అక్షరాల వాక్యం బయటికి వెళ్లడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. టైమర్ మిల్లీసెకనుకోసారి కొట్టే వ్యవస్థలో ఇది ఏడు దెబ్బల కాలం. గడువే 5 మిల్లీసెకన్లయితే ఆ వాక్యం రాయడమే గడువు దాటించేస్తుంది. దీన్ని మించిన చిక్కు ఇంకోటుంది. ఆ ప్రింట్‌ఎఫ్ లోపల కూడా ఒక తాళం ఉండవచ్చు. రెండు టాస్కులు ఒకేసారి రాయబోతే ఒకటి ఆగుతుంది. అంటే జరుగుతున్నదాన్ని చూడబోయి, జరిగేదాన్నే మార్చేశారు.

ఈ సభలో అనుభవజ్ఞులు కొందరు ఇప్పుడు నవ్వుతున్నారు, వారికి తెలుసు. ప్రింట్‌ఎఫ్ పెడితే తప్పు కనబడదు, తీస్తే మళ్లీ వస్తుంది. ఆఖరికి ఎవరో ఒకరు ‘ఆ వాక్యం తియ్యకండి, ఉంటేనే బాగా నడుస్తోంది’ అని సరుకు పంపించేస్తారు. అది బాగు కావడం కాదు. తప్పు పక్కకు జరిగి దాక్కోవడం.

కాబట్టి కెర్నెల్ లాగ్‌లో వాక్యాలుండవు, అంకెలే ఉంటాయి. ఒక్కో ఈవెంట్‌కు ఎనిమిది బైట్లు చాలు: సమయానికి నాలుగు, ఈవెంట్ రకానికి ఒకటి, టాస్కు నంబరుకు ఒకటి, అదనపు వివరానికి రెండు. వాటిని తీగ మీదకు పంపరు, జ్ఞాపకంలోనే రాసి ముందుకు సాగుతారు. అంకెలను మాటలుగా మార్చే పని తర్వాత, వేరే కంప్యూటర్ మీద, తీరిగ్గా జరుగుతుంది. 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఇలాంటి ఒక నమోదుకు 50 సైకిళ్లు పట్టాయనుకుంటే అది అర మైక్రోసెకను. సెకనుకు 20,000 ఈవెంట్లు వచ్చినా మొత్తం ఖర్చు 10 మిల్లీసెకన్లు, అంటే నూటికి ఒకటి. ఈ ఒకటిని మొదటి రోజునే బడ్జెట్‌లో వేసుకోవాలి.

3

జ్ఞాపకం ఎంత పెట్టాలి? 64 కిలోబైట్లు కేటాయిస్తే 8,192 ఈవెంట్లు పడతాయి. సెకనుకు 20,000 లెక్కన అది దాదాపు 0.4 సెకనులోనే నిండిపోతుంది. నిండాక రెండు దారులు. కొత్తవి రాయడం మానెయ్యడం ఒకటి, పాతవాటి మీద కొత్తవి రాస్తూ చుట్టూ తిరగడం రెండోది. మొదటి దారిలో యంత్రం లేచిన తొలి క్షణాలు భద్రంగా ఉంటాయి, పడిపోయిన క్షణం ఉండదు. మనకు కావాల్సింది పడిపోయిన క్షణం. అందుకే రింగ్ బఫర్.

రింగ్ బఫర్‌తో అసలు మెలకువ ఆపడంలో ఉంది. తప్పు కనబడగానే రాయడం ఆపెయ్యాలి. లేకపోతే తప్పు జరిగాక వచ్చే గందరగోళం, రీసెట్ సన్నాహాలు, హెచ్చరిక సందేశాలు అన్నీ ఆ అర సెకను సాక్ష్యం మీద ఎక్కి కూర్చుంటాయి. ఆపమని చెప్పే మాట తప్పును కనిపెట్టే కోడ్‌లోనే, ముందే రాసి ఉండాలి. మనిషి వచ్చి మీట నొక్కేసరికి బఫర్ వందసార్లు తిరిగిపోయి ఉంటుంది.

సమయం ఎక్కడి నుంచి తియ్యాలన్నది ఇంకో సంగతి. మిల్లీసెకను టిక్ పనికిరాదు, ఒక టిక్‌లోనే ఇరవై ఈవెంట్లు జరగవచ్చు. ప్రాసెసర్ సైకిళ్లను లెక్కించే కౌంటర్‌ను నేరుగా చదువుతారు. 32 బిట్ల కౌంటర్ 100 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 43 సెకన్లకు ఒకసారి సున్నాకు వచ్చేస్తుంది, చదివే ప్రోగ్రాం ఆ మలుపును గుర్తుపట్టాలి. ఒక టాస్కు రాస్తుండగా మధ్యలో ఇంటరప్ట్ వచ్చి అదీ రాయబోతే ఒకే గడిలో ఇద్దరూ పడతారు. అందుకని గడిని ముందు విడదీయరాని ఒక్క సూచనతో తన పేర కట్టుకుని, తర్వాత నింపుతారు. ప్రాసెసర్‌లో కోర్లు ఎక్కువుంటే కోర్‌కో బఫర్ ఇచ్చేస్తారు. లినక్స్‌లోని ఎఫ్‌ట్రేస్, ఎల్‌టీటీఎన్‌జీ రెండూ ఈ పద్ధతే పట్టాయి. ఈ భాగం ఇంతటితో చాలు, పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది.

4

పుస్తకాల్లో సరిగ్గా దొరకనిది అంగారకుడి మీద జరిగిన కథ. దొరుకుతుంది గాని సగం తప్పుగా.

1997 జులై 4న నాసా వారి పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన రైళ్లకు సెలవిచ్చిన సంవత్సరం కూడా అదే, రాజమండ్రి వారికి గుర్తుండిపోయే ఏడాది. పాత్‌ఫైండర్ లోపల ఆర్‌ఎస్ 6000 ప్రాసెసర్, దాని మీద వీఎక్స్‌వర్క్స్ కెర్నెల్. దిగి ఫొటోలు పంపింది, సోజర్నర్ అనే చిన్న బండి మట్టి మీద తిరిగింది, ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. కొద్ది రోజులకే వాతావరణ కొలతలు మొదలుపెట్టాక నౌక తనంతట తాను రీసెట్ కావడం మొదలెట్టింది. రీసెట్ అయిన ప్రతిసారీ ఆ రోజు మిగిలిన పనులన్నీ మర్నాటికి వాయిదా.

లోపల జరిగింది ఇదీ. నౌకలోని పరికరాలన్నీ 1553 అనే డేటా బస్‌తో కలిసి ఉన్నాయి. ఆ బస్ సెకనుకు ఎనిమిది చుట్లు, అంటే 125 మిల్లీసెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ వచ్చిన సమాచారాన్ని పంచిపెట్టే టాస్కు ఒకటి, దానిది చాలా పెద్ద ప్రయారిటీ. తర్వాతి చుట్టును సిద్ధం చేసే టాస్కు ఇంకొకటి, దానిది ఇంకా పెద్దది. ఈ రెండోది లేవగానే ‘మొదటివాడు పని ముగించాడా’ అని చూస్తుంది. ముగించకపోతే ఏదో ఘోరం జరిగిందని తేల్చి రీసెట్ చేస్తుంది. నిజానికి ఈ ఏర్పాటు మంచిదే.

వాతావరణ కొలతలు తీసుకునే టాస్కు చిన్న ప్రయారిటీది. అది తన సమాచారం కోసం కెర్నెల్‌లోని సెలెక్ట్ అనే సేవను పిలుస్తుంది, ఆ సేవ లోపల ఒక మ్యూటెక్స్ పట్టుకుంటుంది. పట్టుకున్న క్షణంలోనే మధ్య ప్రయారిటీ టాస్కులు కొన్ని లేచి ప్రాసెసర్‌ను లాక్కున్నాయి. చిన్నదానికి తాళం వదిలే అవకాశం రాలేదు. పెద్ద టాస్కుకు అదే తాళం కావాలి, కూర్చుంది. మధ్యవాళ్లు తీరిగ్గా నడిచారు. 125 మిల్లీసెకన్లు గడిచాయి. కాపలా టాస్కు లేచి చూసి రీసెట్ కొట్టింది. పెద్దవాడు చిన్నవాడి కోసం ఆగడం తప్పు కాదు. ఆ తాళంతో ఏ సంబంధమూ లేని మధ్యవాళ్ల కోసం ఆగాడు, అదే తప్పు. దీన్ని ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు.

మందు కొత్తదేం కాదు. తాళం పట్టుకున్న చిన్న టాస్కుకు, దాని కోసం కూర్చున్న పెద్ద టాస్కు ప్రయారిటీ అప్పుగా ఇవ్వాలి. వదలగానే తిరిగి తీసుకోవాలి. లూయీ షా, రఘునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోజ్కీ 1990లో దీని మీద ఇప్పటికీ అందరూ చదివే వ్యాసం రాశారు. అది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పని. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1991 నుంచి 1999 దాకా కంప్యూటర్ సైన్స్ విభాగానికి డీన్‌గా ఉన్న చోటు కాబట్టి మనకు కొంత చుట్టరికం కలుపుకోవచ్చు. వీఎక్స్‌వర్క్స్ మ్యూటెక్స్‌లో ఆ సదుపాయం ఉంది కూడా. సెలెక్ట్ వాడిన తాళానికి మాత్రం ఆ మీట ఆపి ఉంది.

ఇప్పుడు లాగ్ సంగతికి రండి. రియల్-టైమ్ సదస్సుల్లో ప్రచారంలోకి వచ్చిన కథ ప్రకారం, పరీక్షల కోసం పెట్టిన సాధనాలు అదృష్టవశాత్తూ నౌకలో ఉండిపోయాయి, వాటితో ఇంజనీర్లు గట్టెక్కారు. ఈ కథ చదివి పాత్‌ఫైండర్ సాఫ్ట్‌వేర్ బృందం నాయకుడు గ్లెన్ రీవ్స్ స్వయంగా వివరణ రాశారు. అదృష్టం ఏమీ లేదట. పరీక్షించినదే ఎగరాలి, ఎగిరేదే పరీక్షించాలి అన్నది వాళ్ల నియమం, అందుకే ఆ సాధనాలను కావాలనే ఉంచారు. లాగ్ సదుపాయాన్ని మొదట డేవిడ్ కమింగ్స్ అనే ఇంజనీరు కట్టారు, అదీ కెర్నెల్‌ను ఆ ప్రాసెసర్‌కు మార్చేటప్పుడు వచ్చిన వేరే తప్పును పట్టుకోవడానికి. వీఎక్స్‌వర్క్స్ తయారుచేసే విండ్ రివర్ సంస్థకు చెందిన లీసా స్టాన్లీ దాన్ని తీసుకుని సందేశ సేవల్లోనూ, ఇంటరప్టుల్లోనూ, సెలెక్ట్‌లోనూ నమోదు గుర్తులు నాటారు. నౌకలోని కంప్యూటర్ లేచినప్పటి నుంచి అది రింగ్ బఫర్లలో రాస్తూనే ఉంటుంది. కాపలా టాస్కు తప్పు కనిపెట్టగానే రాయడం ఆపి, సరుకంతా బయటికి కుమ్మరించాలని కోడ్‌లో ముందే ఉంది. అంగారకుడి నుంచి అంత సమాచారం భూమికి రాదని వాళ్లకు తెలుసు. అయినా ఉంచారు.

ఉంచడం వల్ల జరిగిన మేలు ఇదీ: భూమి మీద ప్రయోగశాలలో ఉన్న జంట నౌక మీద అవే పనులు మళ్లీ మళ్లీ నడిపించినప్పుడు ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేకపోయింది. 18 గంటలలోపే తప్పు దొరికింది. లాగ్‌లో వరుస చూడగానే కారణం తేటతెల్లమైంది. ఆ మీట వేసి, మార్చిన భాగాన్ని మాత్రం అంగారకుడికి పంపారు. వేసే ముందు, ఆ మీట సెలెక్ట్ వాడే ప్రతిచోటా ప్రభావం చూపుతుంది కనుక వేగం తగ్గుతుందేమో కూడా పరీక్షించారు.

ఇందులో ఒప్పుకోక తప్పని చేదు కూడా ఒకటుంది. ఇలాంటి రీసెట్ అంగారకుడి మీద దిగకముందే కనబడింది. మళ్లీ రప్పించలేకపోయారు. బృందం దృష్టంతా దిగే క్షణాల మీద ఉంది, ఆ క్షణాలు తప్పితే మిగతావేవీ ఉండవు కాబట్టి అది అర్థం చేసుకోదగిన ఎంపిక. అరుదైన తప్పును రెండోసారి రప్పించడం కష్టమైన చోట, మొదటిసారి వచ్చినప్పుడే రాసిపెట్టుకోగలిగే లాగ్ విలువ ఎంతో ఊహించుకోండి.

5

అంగారకుడు దూరమండీ, మన దగ్గర ఏముందని అడగవచ్చు. రాజమండ్రి స్టేషన్‌కు వెళ్లండి. స్టేషన్లలో సిగ్నళ్లను నడిపే రిలే గదుల్లో డేటా లాగర్ అనే పెట్టె ఉంటుంది. ఏ రిలే ఎప్పుడు ఎత్తింది, ఎప్పుడు పడింది, ఏ సిగ్నల్ ఎప్పుడు మారింది, అన్నీ సమయంతో సహా రాసుకుంటుంది. దేశంలో రైల్వేలకు ఈ లాగర్లు తయారుచేసి ఇచ్చేవాటిలో 1985లో మొదలైన విజయవాడ సంస్థ ఎఫ్‌ట్రానిక్స్ ఒకటి. బెజవాడలో కూర్చుని దేశమంతా సిగ్నళ్లు ఎప్పుడు ఏం చేశాయో రాసే యంత్రాలు కట్టారన్నది మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

2023 జూన్ 2 సాయంత్రం షాలిమార్ నుంచి చెన్నైకి బయల్దేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలోని బాహానగా బజార్ దగ్గర మెయిన్ లైన్‌లో వెళ్లాల్సింది లూప్ లైన్‌లోకి మళ్లి, అక్కడ నిలబడి ఉన్న గూడ్సును కొట్టింది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ రైలు మన స్టేషన్‌లో ఆగేది, మనవాళ్లూ అందులో ఉన్నారు. ఆ రాత్రి టీవీల్లో చూపించిన గీతల పటం గుర్తుండే ఉంటుంది, ఎర్ర, ఆకుపచ్చ గీతలతో. సిగ్నల్ మెయిన్ లైన్‌కు ఆకుపచ్చగా ఉంటే పాయింటు లూప్ లైన్‌కు ఉంది. సిగ్నల్ సర్క్యూట్లలో జరిగిన మార్పుల పనుల్లోని లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది.

ఈ సంఘటన లాగ్ గురించి చెప్పే మాట కొంచెం ఇబ్బందికరమైనది. లాగర్ చూసేది రిలేను, పట్టాను కాదు. తీగ తప్పుగా కలిపి ఉంటే, వ్యవస్థ తప్పుగా నమ్మినదాన్ని లాగ్ కూడా నమ్మకంగా రాస్తుంది. లాగ్ అబద్ధం ఆడలేదు, తనకు చెప్పినదే రాసింది. ఏ లాగ్‌నైనా చదివేటప్పుడు ఇది వ్యవస్థ నమ్మకాల చిట్టా అని, బయటి ప్రపంచపు ఫొటో కాదని గుర్తుంచుకోకపోతే విచారణ దారి తప్పుతుంది.

రిలే గది లాగర్‌కు ఇంకో పరిమితి ఉంది. రిలేలతో నిర్ణయం జరిగే కాలంలో బయటి నుంచి చూస్తే సరిపోయేది. ఇప్పుడు నిర్ణయాలు ప్రాసెసర్ లోపలికి వెళ్లిపోయాయి. దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాద్ వైపు పరీక్షలు జరిగి 2020లో రైళ్లు ఢీకొనకుండా ఆపే జాతీయ వ్యవస్థగా ప్రకటించిన కవచ్‌నే తీసుకోండి. 2022 మార్చి 4న రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల ముందు తనంతట తాను ఆగింది. దాన్ని తయారుచేసే సంస్థల్లో మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాదువే. కవచ్ యూనిట్లకు సొంత ఈవెంట్ లాగ్ ఉంటుంది. బ్రేకు ఆదేశం ఎప్పుడు వెళ్లిందో అలాంటి లాగ్ చెబుతుంది. ఆ ఆదేశం ఇవ్వాల్సిన టాస్కు కొన్ని మిల్లీసెకన్లు ఎందుకు ఆగిందో చెప్పాలంటే మాత్రం, ఏ యంత్రానికైనా కెర్నెల్ లోపలి లాగే కావాలి. రెండూ ఉండాలి, రెండింటి గడియారమూ ఒకటే అయి ఉండాలి. రెండు పెట్టెల గడియారాల మధ్య మూడు సెకన్ల తేడా ఉంటే కారణం ఫలితం తర్వాత జరిగినట్టు కనబడుతుంది. కవచ్‌లో ఉపగ్రహ సమయం వాడతారు.

6

రైళ్లు కూడా పెద్ద విషయమే. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వెళ్దాం. రొయ్యల చెరువుల గట్ల మీద ఇప్పుడు చిన్న చిన్న కంట్రోలర్ పెట్టెలు కనబడుతున్నాయి. నీటిలో ఆక్సిజన్ కొలిచి ఏరియేటర్లను వేసి ఆపేవి, ఫోన్‌కు కబురు పంపేవి. చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది తెల్లారగట్ల. సరిగ్గా ఆ వేళ పెట్టె బిగుసుకుపోయిందనుకోండి. రైతు ఏం చేస్తాడు? పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపి మళ్లీ వేస్తాడు. ఏరియేటర్లు తిరుగుతాయి, రొయ్యలు బతుకుతాయి. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని. కాని కరెంటు తీసిన క్షణంలో బఫర్‌లోని సాక్ష్యం మొత్తం పోయింది. మర్నాడు మెకానిక్ వచ్చి ‘బాగానే ఉందిగా’ అంటాడు. వచ్చే అమావాస్యకో పౌర్ణమికో మళ్లీ అదే.

పాత్‌ఫైండర్‌కు ఈ బాధ లేదు. రీసెట్ అయినా కరెంటు పోలేదు కనుక జ్ఞాపకంలోని సమాచారం మిగిలింది. చెరువు గట్టు మీది పెట్టెకు రెండు అంచెల ఏర్పాటు కావాలి. బఫర్‌ను జ్ఞాపకంలో లేచేటప్పుడు తుడవని భాగంలో పెట్టడం మొదటిది, వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ కొట్టిన రీసెట్‌కు అది తట్టుకుంటుంది. వాచ్‌డాగ్ కొట్టబోయే ముందు వచ్చే చివరి హెచ్చరిక ఇంటరప్ట్‌లో ఆఖరి రెండు మూడు వందల ఈవెంట్లను కరెంటు పోయినా చెరగని చోటికి నకలు తియ్యడం రెండోది. ఫ్లాష్ చిప్‌లో ప్రతి సెకనూ రాస్తూ పోతే మాత్రం కొంపకు ఎసరు. ఒక గడిని చెరిపి రాయగలిగేది వేలల్లోనో లక్షలోపో సార్లు మాత్రమే, కొన్ని నెలలకే చిప్ అరిగిపోతుంది. తప్పు జరిగినప్పుడు మాత్రమే రాయాలి. 2004 జనవరిలో అంగారకుడి మీద స్పిరిట్ బండి రీసెట్ల సుడిలో పడడానికి ఫ్లాష్‌లో ఫైళ్లు విపరీతంగా పేరుకుపోవడమే కారణం. దాచుకోవడానికి కూడా ఒక హద్దు గీసుకోవాలి.

7

ఇంత చెప్పాక పరిశ్రమలో ఉన్నవారి అభ్యంతరాలు వినాలి. ‘పరీక్షల్లో లాగ్ పెట్టుకుంటాం, సరుకు పంపేటప్పుడు తీసేస్తాం. జ్ఞాపకం మిగులుతుంది, వేగం పెరుగుతుంది, పోటీదారుకు మా గుట్టు తెలియదు.’ జ్ఞాపకం మాట ఒకప్పుడు నిజం. ఈనాటి చిప్‌లలో 64 కిలోబైట్లకు జంకేవి తగ్గిపోతున్నాయి, జంకితే 8 కిలోబైట్లు పెట్టుకోవచ్చు, వెయ్యి ఈవెంట్లు పడతాయి. గుట్టు మాట నిజమే, లాగ్‌ను తాళం లేకుండా బయటికి ఇవ్వకూడదు. వేగం మాటే ప్రమాదకరమైనది. లాగ్ తీసేస్తే టాస్కుల సమయాలు మారతాయి. మీరు పరీక్షించింది ఒక యంత్రం, రైతుకు అమ్మింది ఇంకో యంత్రం. ప్రయారిటీ ఇన్వర్షన్ లాంటి తప్పులు కొన్ని మైక్రోసెకన్ల కిటికీలోంచే దూరతాయి. ఆ కిటికీ మీ ప్రయోగశాలలో మూసి ఉండి, చెరువు గట్టు మీద తెరుచుకోవచ్చు.

లాగ్ పెట్టడం దానంతటదే మంచిపని అనుకుంటే పొరపాటు. 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియన్-5 మొదటి రాకెట్ లేచిన 40 సెకన్లలోపే పేలిపోయింది. దిశను కొలిచే కంప్యూటర్లో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయి తప్పు వచ్చింది. ఆ కంప్యూటర్ తాను ఆగిపోతూ లోపం వివరాలను, అంటే ఒక రకమైన లాగ్‌ను, మామూలు కొలతలు వెళ్లే దారిలోనే పంపింది. రాకెట్‌ను నడిపే కంప్యూటర్ ఆ వివరాలను దిశ కొలతలనుకుని గొట్టాలను పూర్తిగా తిప్పేసింది. లాగ్ దారి వేరు, పని దారి వేరు. ఈ రెండూ కలిసిన చోట లాగే ప్రమాదం తెస్తుంది.

చివరగా వెనక వరుసల్లో కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక పని. ఫ్రీఆర్‌టాస్ నడిచే బోర్డు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, మీ ల్యాబుల్లో ఇప్పటికే అలమరలో పడి ఉంటుంది. మూడు టాస్కులు రాయండి. చిన్నది ఒక బైనరీ సెమఫోర్ పట్టుకుని 5 మిల్లీసెకన్ల పని చెయ్యాలి. మధ్యది లేచి 50 మిల్లీసెకన్లు తిరగాలి. పెద్దదానికి అదే సెమఫోర్ కావాలి, 20 మిల్లీసెకన్ల గడువు. బోర్డులో రెండు కోర్లుంటే అన్నిటినీ ఒకే కోర్‌కు కట్టెయ్యండి, లేకపోతే మధ్యది పక్క కోర్‌కు పోయి ప్రయోగం చెడుతుంది. ఫ్రీఆర్‌టాస్‌లో టాస్కు మారే చోట, క్యూలు వాడే చోట ఖాళీ ట్రేస్ మాక్రోలు ముందే ఉన్నాయి. వాటిలో మీ ఎనిమిది బైట్ల నమోదును నింపండి. గడువు తప్పగానే బఫర్ ఆగాలి. వరుసను కాగితం మీదకు తీసి చదవండి, మధ్యవాడు ఎక్కడ దూరాడో కళ్లకు కడుతుంది. తర్వాత సెమఫోర్ తీసి మ్యూటెక్స్ పెట్టండి, ఫ్రీఆర్‌టాస్ మ్యూటెక్స్‌లో ప్రయారిటీని అప్పిచ్చే ఏర్పాటు ఉంది, బైనరీ సెమఫోర్‌లో లేదు. ఆ తర్వాత లాగ్ తీసేసి, ఒక పిన్నును ఎత్తి దించే పద్ధతిలో ఓసిల్లోస్కోప్ మీద సమయాలు కొలవండి. లాగ్ ఉన్నప్పుడూ లేనప్పుడూ కొలిచిన సమయాల మధ్య తేడా నూటికి రెండు దాటితే, బఫర్‌ను ఏ ఈవెంట్ ఎక్కువగా నింపుతోందో లెక్కపెట్టి, దాదాపు ఎప్పుడూ అది టైమర్ టిక్కే అవుతుంది, దాని నమోదును ఆపి మళ్లీ కొలవండి.